జలగ అన్నారు సరే, కౌంట్ కాలమ్ సంగతి ఎక్కడుందండీ?

కొత్తగా చదివేవాళ్ల కోసం ముందు ప్రశ్న ఏమిటో చెబుతాను. ప్రశ్న అడిగిన ఈయన భీమవరం దగ్గర రొయ్యలు కొనే ఒక ఆఫీసులో లెక్కలు చూస్తారు. అక్కడి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక రైతు బిల్లు సేవ్ చేసి కొత్త బిల్లు తెరిస్తే పేరు, బరువు ఖాళీగా వస్తాయి. కౌంట్, అంటే కేజీకి ఎన్ని రొయ్యలు తూగాయన్న సంఖ్య, మాత్రం పాత రైతుదే ఉండిపోతుంది. చూసుకోకపోతే రేటు తప్పుతుంది. ఈ నెల రెండుసార్లు తప్పింది కూడా. ఈయన మండిపడి కంపెనీకి మెయిల్ పెడితే, వాళ్లు "భాష అభ్యంతరకరంగా ఉంది" అని ఒక్క ముక్క రాసి టికెట్ (ఆ ఫిర్యాదు నమోదు) మూసేశారు. "లోపం నిజం, నష్టం నిజం. మరి నా మాట తీరు గురించి వాళ్లకెందుకు? తప్పు నాదా?" అని ఈయన అడుగుతున్నారు.

తప్పు కంపెనీదే. మాట బాగాలేదని టికెట్ మూసేస్తే లోపం పోతుందా? ఇల్లు కాలుతోందని అరిచినవాడి నోరు మంచిది కాదని ఫైరింజన్ వెనక్కి తిప్పుకుని పోయినట్టుంది. ఇందులో నాకు అనుమానం లేదు.

అయినా మీ మెయిల్ పనికిరాదండి. మర్యాద లేదని నేను అనడం లేదు. నేను 22 ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. మొదటి ఆరేళ్లు హైదరాబాద్‌లో సపోర్ట్ డెస్క్ మీద కూర్చుని జనం తిట్లు తిన్నాను. తర్వాతంతా టెస్టింగ్. ఇప్పుడు పాలకొల్లులో ఇంట్లోంచే పని. నేను తిన్న తిట్లతో పోలిస్తే మీవి పెరుగన్నం.

మీరు ఆ మెయిల్ మొత్తం ఇక్కడ అతికించారు కాబట్టి లెక్కపెట్టాను. ఇరవై ఆరు లైన్లు. "ఇది రైతు రక్తం తాగే జలగ" అన్నారు. "ప్రపంచంలో ఇంత చెత్త ప్రోగ్రాం పుట్టలేదు, ఇక పుట్టదు" అన్నారు. "దీన్ని రాసినవాణ్ణి గోదాట్లో ముంచాలి" అన్నారు. "మీవల్ల జిల్లా మొత్తం సర్వనాశనం అయిపోయింది" అన్నారు. కౌంట్ అనే మాట పంతొమ్మిదో లైనులో ఒక్కసారి కనబడింది, అదీ "కౌంట్లు కూడా అన్నీ తప్పులే" అని. ఏ స్క్రీన్‌లో, ఏది నొక్కాక, ఎంత తేడా వచ్చిందో ఎక్కడా లేదు. మమ్మల్ని అడిగేటప్పుడు మాత్రం అదే సంగతి మూడు వాక్యాల్లో శుభ్రంగా చెప్పారు! ఆ మూడు వాక్యాలు వాళ్లకి పంపి, ఈ ఇరవై ఆరు లైన్లు మాకు పంపాల్సింది. మేం చదువుకుని, మీకు వత్తాసు పలికి, నాలుగు తిట్లు మావీ కలిపేవాళ్లం.

అవతల కూర్చున్నవాడి పని ఎలా ఉంటుందో చెబుతాను. పొద్దున్న కుర్చీలో కూర్చునేసరికి రాత్రి వచ్చిన టికెట్లు వరసగా ఉంటాయి. ఒక్కోదానికి రెండు మూడు నిమిషాలు. చదువుతూ మనసులో ఒకే ప్రశ్న వేసుకుంటాడు: దీన్ని నా మెషిన్ మీద మళ్లీ చేసి చూడగలనా? చూడగలిగితే డెవలపర్‌కి వెళ్తుంది. లేకపోతే "మరిన్ని వివరాలు పంపండి" అనే బుట్టలో పడుతుంది. ఆ బుట్టలో పడ్డవాటిలో చాలా వాటికి మళ్లీ వెలుగు ఉండదు. రాసినవాణ్ణి గోదాట్లో ముంచడం మెషిన్ మీద చేసి చూసే పని కాదు కదండీ.

ఇక అసలు లోపం దగ్గరికి వద్దాం. మా బావమరిదికి ఆకివీడు దగ్గర రెండు చెరువులున్నాయి. పోయిన పట్టుబడికి, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజుకి, నేనూ వెళ్లాను. ఇంకా తెల్లవారలేదు, గట్టు మీద రెండు లైట్లు, ఐసు లోడుతో లారీ. ఒక కేజీ రొయ్యలు తూచి, ట్రేలో పోసి, మావాడి మనిషి ఒకడు, కొనేవాళ్ల మనిషి ఒకడు ఎదురెదురుగా కూర్చుని లెక్కపెట్టారు. కేజీకి 40 తూగితే 40 కౌంట్, 50 తూగితే 50 కౌంట్. సంఖ్య తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు పెద్దది. అందుకని ఒక్క రొయ్య దగ్గర కూడా పేచీ పడతారు. ఆ రోజు సగం విరిగిన రొయ్య ఒకటి వచ్చింది. అది లెక్కలోకి వస్తుందా రాదా అని కొంతసేపు వాదులాడుకున్నారు. మళ్లీ ఒక కేజీ తూచారు. మళ్లీ లెక్క. చివరికి ఇద్దరూ ఒప్పుకున్నారు: 40.

అప్పుడు ఒక కుర్రాడు, వేళ్లు ఐసు నీళ్లతో ముడుచుకుపోయి ఉన్నవాడు, ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ట్యాబ్ మీద బిల్లు కొట్టాడు. తడి వేలికి స్క్రీన్ ఒకసారి పలుకుతుంది, ఒకసారి పలకదు. పేరు కొట్టాడు, బరువు కొట్టాడు, సేవ్ నొక్కాడు. అది మీ సాఫ్ట్‌వేర్ కాదనుకుంటాను, కొత్త బిల్లు తెరవగానే కౌంట్ ఖాళీ అయింది. మీదైతే ఏమయ్యేది? అంతకుముందు చెరువు తాలూకు 50 అక్కడే కూర్చుని ఉండేది. రంగు మారదు, హెచ్చరిక రాదు, కుర్రాడికి అనుమానమూ రాదు. ఖాళీగా ఉంటే కొట్టేవాడు, నిండి ఉంది కాబట్టి దాటేస్తాడు. 40కీ 50కీ మధ్య కేజీకి 40 రూపాయల తేడా అనుకోండి. 600 కేజీల మీద 24,000 రూపాయలు. విరిగిన రొయ్య ఒక్కదాని కోసం అంతసేపు కొట్టుకున్న మనుషుల దగ్గర అంత డబ్బు ఎవరూ చూడకుండా జారిపోతుంది.

ఇది చదివాక మీకు కోపం తగ్గిందా, పెరిగిందా? నాకైతే రాస్తుంటేనే పెరిగింది. జలగ అనే మాట ఇందులో ఎక్కడా రాలేదు.

ఇంకో సంగతి. ఆ 50 అక్కడ ఎందుకుండిపోతోందో నేను ఊహించగలను. ఒకే చెరువు సరుకు పదిసార్లు తూకం వేస్తారు. పదిసార్లూ కౌంట్ కొట్టే శ్రమ తప్పిద్దామని ఎవరో మంచి ఉద్దేశంతోనే పాత విలువ నిలబెట్టి ఉంటారు. రైతు మారితే దాన్ని చెరపాలన్న ఆలోచన వాళ్లకి తట్టలేదు. ఎప్పుడూ చెరువు గట్టు ఎక్కి ఉండరు. ఏసీ గదిలో పొడి వేళ్లతో రెండు బిల్లులు కొట్టి చూసుకుని "బాగుంది" అనుకుని ఉంటారు. ఇది చేతకానితనమే, బుద్ధిలేనితనం అన్నా నేను అడ్డు చెప్పను. కానీ జలగ కావాలని తాగుతుంది. మీరు ఆ మాట వాడేసరికి లోపం కాస్తా నేరారోపణ అయింది. "రైతుల్ని దోచుకోవడానికే ఇలా చేశారు" అని కూడా మీరు ఎనిమిదో లైనులో రాశారు. ఉద్దేశం అంటగట్టిన మెయిల్ ప్రోగ్రామర్ దగ్గరికి వెళ్లదండి, లీగల్ వాళ్ల దగ్గరికో పెద్ద మేనేజర్ దగ్గరికో వెళ్తుంది. వాళ్లకి కౌంట్ అంటే ఏమిటో తెలియదు, తెలుసుకునే అవసరమూ లేదు. కంపెనీకి మచ్చ రాకుండా చూడటం వాళ్ల పని. టికెట్ మూసెయ్యమంటారు. మీకు జరిగింది అదే అయి ఉండాలి.

కావాలని చేసే మోసపు డిజైన్లు లేవా? ఉన్నాయి, వాటికి పేరు కూడా ఉంది. 2010లో హ్యారీ బ్రిగ్నల్ అనే బ్రిటిష్ డిజైనర్ వాటిని డార్క్ ప్యాటర్న్స్ అన్నాడు. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న మార్గదర్శకాలు ఇచ్చి, అలాంటివి 13 రకాలు గుర్తించింది. మీరు ఎంచుకోని వస్తువు బుట్టలో కలిపెయ్యడం, చివరి పేజీలో రేటు పెంచడం, చేరడం తేలికగా పెట్టి మానెయ్యడం చిక్కుగా పెట్టడం, వద్దంటే సిగ్గుపడేలా మాట రాయడం, ఇలాంటివి. మీకెప్పుడైనా అలాంటిది తగిలితే ఆ రకం పేరు పెట్టి మరీ రాయండి, బాగా పనిచేస్తుంది. మీ కౌంట్ కాలమ్ ఆ జాతి కాదు.

"చంపేస్తోంది" అన్న మాట మీరు నాలుగుసార్లు వాడారు. మనందరం వాడతాం. నెట్ చంపేస్తోంది, ఎండ చంపేస్తోంది. కానీ ఈ వృత్తిలో ఆ మాటకి అసలు అర్థం కూడా ఉంది. 1985 నుంచి 1987 మధ్య థెరాక్-25 అనే రేడియేషన్ యంత్రం అమెరికా, కెనడాల్లో ఆరుగురు రోగులకి ఇవ్వాల్సిన దానికి ఎన్నో రెట్లు రేడియేషన్ ఇచ్చేసింది. అందులో కొందరు చనిపోయారు. సాఫ్ట్‌వేర్ లోపం. టెక్సాస్‌లో జరిగిన ప్రమాదంలో స్క్రీన్ మీద "మాల్‌ఫంక్షన్ 54" అని మాత్రమే వచ్చింది. అదేమిటో ఎవరికీ అర్థం కాలేదు. అలాంటి సందేశాలు రోజూ వచ్చేవే కాబట్టి ఆపరేటర్ అలవాటుగా మళ్లీ కొనసాగించే మీట నొక్కారు. ఊరికే అరిచే యంత్రాన్ని మనిషి పట్టించుకోవడం మానేస్తాడు. ఊరికే అరిచే మనిషిని కూడా అంతే.

ఈ సంగతి మన డెల్టా వాళ్లకి ఇంకొకరు చెప్పాలా? ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. 1986 ఆగస్టు వరద చూసిన పెద్దవాళ్లున్న ఇళ్లు మనవి. 2022 జూలై వరద మనమే చూశాం. లంకల్లో మనిషికి "గోదారి పొంగిపోతోంది" అంటే చాలదు, "ఎన్ని అడుగులు? పెరుగుతోందా, లాగుతోందా?" అంటాడు. అంకెని బట్టి పశువుల్ని గట్టుకి తోలాలా, ధాన్యం ఎత్తులో పెట్టాలా, పిల్లల్ని తీసుకుని పడవ ఎక్కాలా అన్నది తేల్చుకుంటాడు. పన్నెండు అడుగులకే మూడో హెచ్చరిక ఎగరేశారనుకోండి, ఈసారికి పడవ ఎక్కుతాడు. పైఏడు నిజంగా పద్దెనిమిది వచ్చినా మంచం దిగడు. సాఫ్ట్‌వేర్ వాళ్లకీ లోపం ఎంత తీవ్రమో చెప్పడానికి సరిగ్గా ఇలాంటి మెట్లే ఉంటాయి, సివియారిటీ 1, 2, 3 అని. డబ్బు లెక్క తప్పితే, అదీ ఎవరికీ తెలియకుండా తప్పితే, పై మెట్టులోనే పడుతుంది. మీ లోపానికి ఆ హక్కు ఉంది. మీరు అడుగులు చెప్పకుండా పొంగిపోతోందని మాత్రం కేకేశారు.

మన తెలుగు అక్షరం తాలూకు ఉదంతం ఒకటి ఉంది, ఐఫోన్ వాళ్లకి గుర్తుండే ఉంటుంది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" ఉన్న మెసేజ్ వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. జ్ఞానం అని రాస్తే ఫోనుకి మతిపోవడం మన భాషకే చెల్లింది! పేపర్లలో, టీవీల్లో బాంబు అన్నారు. కానీ మామూలుగా మనం కొట్టే "జ్ఞా"తో ఏమీ కాదు. జ, దాని కింద పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అక్షరం, దానిమీద దీర్ఘం: ఈ వరసలో పడితేనే కూలేది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా ఇలాంటి వరసలు కొన్ని ఉన్నాయని తవ్వితే తేలింది. అక్షరాల వరస అంత కచ్చితంగా తెలిసిన లోపాన్ని ఎవరూ కాదనలేరు, ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది. అదే నెల 19న యాపిల్ తన ఫోన్ సాఫ్ట్‌వేర్ iOS 11.2.6 విడుదల చేసి సరిచేసింది. "మీ ఫోనుకి తెలుగంటే పడదు, మమ్మల్ని అవమానిస్తున్నారు" అన్న వాక్యం మాత్రమే చేతిలో ఉంటే ఏ ఇంజినీరైనా ఏం సరిచేస్తాడు?

పెద్దపెద్దవాళ్లు తిట్టలేదా అని మీరు అడగొచ్చు. తిట్టారు. కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పడాన్ని నేరంగా చూడాలని కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1975లో రాశాడు. లైనక్స్ పెద్ద లీనస్ టోర్వాల్డ్స్ ఈమెయిళ్లలో మనుషుల్ని ఏళ్ల తరబడి చీల్చి చెండాడి, 2018 సెప్టెంబర్‌లో క్షమాపణ చెప్పి కొంతకాలం పక్కకి తప్పుకున్నాడు. మనకి గుర్తుండేది వాళ్ల తిట్టు. తిట్టు పక్కనే ఏ లైను ఎందుకు తప్పో కూడా రాసేవారు. పైగా వాళ్ల పేరు చూసి జనం ఆగి చదివేవారు. మీ పేరూ నా పేరూ చూసి ఎవరు ఆగుతారండీ?

నేనూ ఇలాంటి మెయిల్ ఒకటి రాశాను. 2008లో మా టీం వాడే ఒక టూల్‌లో సేవ్ బటన్ పక్కనే, అదే సైజులో, అదే రంగులో "అన్నీ తొలగించు" బటన్ ఉండేది. ఒకరోజు సాయంత్రం ఏడింటికి వేలు పక్కకి పడింది. మూడు రోజుల టెస్ట్ ఫలితాలు గాలికి పోయాయి. ఆ బటన్ అక్కడ పెట్టిన మహానుభావుడికి కళ్లున్నాయా, వాణ్ణి ఉరి తీసినా పాపం లేదు అని రాసి పంపాను. పంపిన ఆనందం ఒక గంట ఉంది. మర్నాడు ఆ కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. మాట వింటే మన గోదారి వైపు మనిషేనని తెలిసిపోతోంది.

"సార్, ఆ బటన్ అక్కడొద్దని మీటింగులో నేనూ చెప్పానండి. నా మాట నెగ్గలేదు. ఇప్పుడు మీ మెయిల్ పట్టుకెళ్లి చూడండి అందామంటే, అది చూపిస్తే మా మేనేజర్ బటన్ గురించి మాట్లాడడండి, మీ గురించి మాట్లాడతాడు. ఇంకోటి రాసి పెడతారా?"

సిగ్గేసింది. ఇంకోటి రాసిచ్చాను, ఏడు లైన్లు. ఏ టైంకి, ఏ స్క్రీన్‌లో, రెండు బటన్ల మధ్య ఎంత ఎడం, ఎన్ని గంటల పని పోయింది, అంతే. తర్వాతి వెర్షన్‌లో ఆ బటన్ కిందకి దిగింది, నొక్కితే "నిజంగానా?" అని అడగడం మొదలుపెట్టింది. అప్పటినుంచి ఏ ఫిర్యాదు రాసినా ఆ అమ్మాయే గుర్తొస్తుంది. ప్రతి కంపెనీలో మన మాటే లోపల నుంచి మాట్లాడుతూ ఓడిపోతున్న మనిషి ఒకరుంటారు. మన మెయిల్ వాళ్ల చేతికి అందాలి, మీటింగులో బల్ల మీద పెట్టగలిగేలా ఉండాలి.

మర్యాదగా, వివరంగా రాస్తే వింటారా? వినకపోవచ్చు కూడా, అబద్ధం చెప్పను. బ్రిటన్ పోస్టాఫీసుల్లో హొరైజన్ అనే సాఫ్ట్‌వేర్ 1999 నుంచి డబ్బు లెక్కల్లో లేని లోటు చూపిస్తుంటే, చిన్న పోస్టాఫీసులు నడిపేవాళ్లు ఏళ్ల తరబడి మొరపెట్టుకున్నారు. వినకపోగా వాళ్లమీదే కేసులు పెట్టారు. 900 మందికి పైగా శిక్ష పడింది. 2019లో కోర్టు ఆ సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని తేల్చింది. వాళ్లని చివరికి నిలబెట్టినవి కాగితాలు, తేదీలు, అంకెలు. మీరూ ప్రతిదీ దాచుకోండి.

నేనైతే మీ మెయిల్ ఇలా రాస్తాను:

"బిల్లింగ్ స్క్రీన్‌లో ఒక రైతు బిల్లు సేవ్ చేసి 'న్యూ' నొక్కితే పేరు, బరువు ఖాళీ అవుతున్నాయి, కౌంట్ మాత్రం పాత రైతుదే మిగులుతోంది. రంగు మారదు, హెచ్చరిక రాదు. ఈ నెల రెండు బిల్లులు ఇలా తప్పాయి. ఒకదాంట్లో 40కి బదులు 50 పడి, 600 కేజీల మీద రైతుకి 24,000 రూపాయలు తక్కువ రాశాం. ఆయన పట్టుకుని అడిగాక సరిచేశాం. అడగనివాళ్లు ఎంతమందో మాకు తెలియదు. రైతు పేరు మారగానే కౌంట్ ఖాళీ అవ్వాలి, కౌంట్ కొట్టకుండా సేవ్ కాకూడదు. వీడియో జతచేశాను. మీ సాఫ్ట్‌వేర్ వల్ల రైతుల ముందు మేం దొంగల్లా నిలబడుతున్నాం."

మొత్తాలు మీ బిల్లుల ప్రకారం మార్చుకోండి, నేనిక్కడ ఊహించి వేశాను. చివరి వాక్యం మాత్రం తీసెయ్యకండి. అది కోపమే, గట్టి కోపం. కానీ అందులో పెంచి చెప్పింది ఏమీ లేదు. "అడగనివాళ్లు ఎంతమందో" అన్న వాక్యం ఇంకా భయపెడుతుంది, చదివినవాడికి రాత్రి నిద్రపట్టదు.

అలాగని అతిశయోక్తి మానెయ్యమని ఎవరన్నారు? అది మన అలంకారం. గోదారోళ్ల దగ్గర వెటకారం లాగేసుకుంటే ఇంకేం మిగులుతుంది? ఆఫీసు బయట టీ కొట్టు దగ్గర జలగనండి, రాక్షసి అనండి, రాసినవాడి ఏడు తరాలూ ఎత్తండి. నేనూ వస్తాను.

ఇక పని సంగతి. కొత్త టికెట్ తెరవకండి. మూసేసిన ఆ నంబరు మీదే ఇది పంపి, మళ్లీ తెరవమని అడగండి. పాత మెయిల్ భాష గురించి ఒక్క లైను, "అప్పుడు కోపంలో రాశాను" అంటే చాలు, బతిమాలక్కర్లేదు. వీడియోలో ఒక రైతు బిల్లు సేవ్ చేయడం దగ్గర మొదలుపెట్టి, రెండో రైతు బిల్లులో పాత కౌంట్ కనబడేదాకా ఆపకుండా తియ్యండి, ముక్కలు అతికించారంటే నమ్మరు. స్క్రీన్ మూల టైం కనబడాలి, రైతుల పేర్లు మాత్రం కప్పెయ్యండి. వాళ్లు సరిచేసేలోపు మళ్లీ పట్టుబడులు వస్తాయి కాబట్టి, బిల్లు కొట్టే కుర్రాడికి సేవ్ నొక్కే ముందు పేరు, కౌంట్, బరువు పైకి చదవమని చెప్పండి, రైతుకి వినబడేలా. కౌంట్ తప్పితే ఆయనే ఆపుతాడు.